ఎడమ కనుబొమ్మ మీది మచ్చ

ఆరో అచ్చు కూడా దండగే అయింది. యోస్ట్ తడి కాగితాన్ని రాగిరేకు మీంచి ఒలిచి బల్లమీద పరిచాడు. కళ్ళున్నాయి, ముక్కుంది, కనుబొమ్మ మీద మచ్చ ఉంది. కూతురు లైస్బెత్ మాత్రం లేదు.

హార్లెం పట్నంలో ముప్ఫై ఏళ్ళుగా రాగి చెక్కేవాడు చేయాల్సిన తప్పేనా అది! పిల్ల జ్వరంతో మంచాన పడి ఉండగా, ఎదురుగా కూర్చుని కనిపించింది కనిపించినట్టే రేకు మీద చెక్కేశాడు. రేకు మీద ఎడమవైపున్నది కాగితం మీద కుడివైపుకి తిరుగుతుందని నిన్న పనిలో చేరినవాడికైనా తెలుసు. ఈయన ధ్యాసంతా పిల్ల మీదే ఉంది మరి. మొదటి అచ్చు తీసేసరికి పిల్ల పోయింది. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ కుడి కనుబొమ్మ మీద పడింది.

అప్పట్నుంచీ ఎనిమిది నెలలుగా ఒకటే గీకుడు. గీకడం, నున్నగా రుద్దడం, మళ్ళీ చెక్కడం. మచ్చ మారిస్తే కన్ను చెడింది. కన్ను దిద్దితే నవ్వు పోయింది. ఛీ, ఏం బతుకు!

"ఏమే హెస్టర్, ఇంకొక్కసారి దిద్దుతాను. సిరా కలిపి ఉంచు," అన్నాడు భార్యతో.

రేకుకి సిరా పూసి, అరచేత్తో తుడిచేది ఆవిడే. "ఇంకా గీకావంటే చిల్లు పడుతుందయ్యా. వంటింట్లోకి రా, బఠానీల చారు చల్లారిపోతోంది."

"నాకొద్దు."

"తినకపోతే మానెయ్. లేచి మాత్రం రా."

ఇన్నాళ్ళూ తిండి కూడా పనిబల్ల దగ్గరికే తెప్పించుకున్న మనిషి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. వంటింటి కిటికీలో పగిలిన అద్దం చోట నూనె రాసిన కాగితం అంటించి ఉంది. చెడిపోయిన అచ్చుల్ని ఆ వీధిలో అందరూ అలాగే వాడతారు. హెస్టర్ బొమ్మని వీధివైపుకి తిప్పి అంటించింది. ఎండ పడి బొమ్మంతా వెనకనుంచి కనబడుతోంది. మచ్చ ఎడమ కనుబొమ్మ మీదే ఉంది. అచ్చం లైస్బెత్.

"నువ్వు విసిరికొట్టిన మొదటి అచ్చే," అంది హెస్టర్.

యోస్ట్ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయిందే?"

"దిద్దడానికేం లేదని చెబితే మర్నాడు పక్కమీంచి లేస్తావా నువ్వు? అదీ నా భయం."

"మరి ఇవాళెందుకు చూపించావు?"

"అలిసిపోయానయ్యా. రేకు తుడిచినప్పుడల్లా దాని ముఖం నా అరచేతికి తగిలేది. ఇవాళ తగల్లేదు."

యోస్ట్ చేతిలోని గీకుడుకత్తి కిటికీ గూట్లో పెట్టి, చల్లారిన చారు ముందు కూర్చున్నాడు.