కలుపుమన్న మాట

రోహిణీకార్తె తొలిదినములయందు ప్రచండభానుకరతప్తమై నెఱ్ఱెలువాఱిన పంటచేల మీఁదుగా వీచు వడగాలి తాటాకులఁ గలగలలాడించుచుండఁగా రాజమార్గపు మలుపు క్రింద నొదిగియున్న మట్టిగుంత యొడ్డున, పందిరినీడను, నిలువెత్తు బంకమట్టికుప్ప యొకటి గోనెపట్టాచ్ఛాదితమై యుండెను. దగ్గఱకు వచ్చినవాని నాసాపుటములకుఁ దడిమట్టి కమ్మదనమునకు మాఱుగా డీజిలుకంపు సోఁకి యింటిదాఁక వెంటవచ్చుచుండెను.

ఆ కుప్ప కుమ్మరి అసిరయ్యకు జీవనాధారము. వానల నీటమునిఁగి వేసవియందే బయల్పడు నా గుంతమట్టితోడనే వాని తాతతండ్రులు కుండలు చేసిరి. మాఘమాసమున డీజిలులారి యొకటి మలుపున బోర్లపడి కడుపులోని చమురునంతయు నా గుంతలోనికిఁ గ్రక్కినది మొదలు ఆ మట్టి నీటిని గ్రహింపక, సారెపై నిలువక, వ్రేళ్లసందుల జాఱిపోవఁజొచ్చెను. పట్నమున సిమెంటుకుండీలు పోయు కర్మాగారమువారు తొలకరిదాఁక మాత్రము వానికొక కూలిపని నిలిపియుంతుమని కబురంపిరి. అంతలోపల మట్టి బాగుపడవలయును. లేదా సారె విడువవలయును.

కూజా కొనవచ్చి కూజాలు లేని కారణము విని యచ్చట నిలిచిపోయినవాఁడు పరాంకుశరావు. ముప్పదియేండ్లు కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రము బోధించి విశ్రాంతుఁడైన యా వృద్ధుఁడు పూర్వశిష్యుని ప్రయోగశాలనుండి చమురునే యాహారముగాఁ గొని బ్రదుకు సూక్ష్మజీవుల నొక డబ్బానిండఁ దెచ్చి పేడయు, ఊకయు, బెల్లపునీరును గూర్చి గుంతనుండి త్రవ్వి కుప్పవోసిన యా మట్టిలోఁ జేర్పించెను. కంటికిఁ గానరాని యా జీవులకు గాలి యాడవలయుననియు, అందులకై నాలుగుదినముల కొకమాఱు కుప్పను పాఱతోఁ దిరుగవేయవలయుననియుఁ జెప్పెను. తప్పక ఫలించునని మాత్రము చెప్పలేదు.

"ఏటి మేస్టారూ, టీలోకి బెల్లం అడిగితే నేదంతాడు. కనిపించని పురుగులకి కడవలతో పోత్తన్నాడు!" అని అసిరయ్య భార్య గురువులమ్మ దెప్పెను.

"అవి పని సేత్తాయే. నువ్వు కూకోని టీ తాగుతావు."

"అయితే నన్నూ ఆ కుప్పలో పడేసీ!"

కొలుచుటకుఁ బరాంకుశరావునొద్ద పరికరములు లేవు గనుక సారెయే పరికరమయ్యెను. పక్షమున కొకమాఱు అసిరయ్య కుప్పనుండి ముద్దఁ దీసి ఊక నేఱి సారెపై నిడి త్రిప్పుచుండెను. మొదట నది రెండంగుళములు లేచి కూలెను. చైత్రాంతమున నాలుగంగుళములు. వైశాఖమున జేనెడు గోడ లేచి తడియారువఱకును నిలిచెను.

"నిలిసింది మేస్టారూ! నిలిసిందే, ఇటు సూడు!" అని అసిరయ్య భార్యను గేకవేసెను.

ఒక్క ఫలితమును నమ్ముట శాస్త్రము గాదని తన్నుఁ దాను హెచ్చరించుకొనుచునే పరాంకుశరావు ఇంటిదారిలో రెండుమాఱులు నవ్వుకొనెను.

జ్యేష్ఠారంభమున నాతఁడు కంటి శస్త్రచికిత్సకై విశాఖపట్టణమునకుఁ బోయి పదునెనిమిది దినములు నిలువవలసివచ్చెను. ఋతువు రాకమునుపే మబ్బు గ్రమ్మెను. అసిరయ్య ఫోనుచేసెను.

"మేస్టారూ, మబ్బు పట్టీసినాది. కుప్ప కొట్టుకుపోతాదేమో!"

"కంగారుపడకు. పైన టార్పాలిను కప్పు. నాలుగు రోజులకోసారి బాగా కలుపుతూ ఉండు."

మూఁడునెలలుగాఁ దిరుగవేయుమని చెప్పిన నోరే యానాఁడు కలుపుమనెను. కుమ్మరియింట మట్టిఁ గలుపుటయనఁగాఁ గాళ్లతోఁ ద్రొక్కుట. లోపల గాలిబుడగ యొక్కటి మిగిలినను ఆవములోఁ గాల్చునపుడు కుండ పగులును గావున నా గాలిని మడమతో వెదకివెదకి వెడలఁద్రోయుటయే వాని వంశమునకుఁ దరతరములుగా వచ్చిన విద్య. భార్యాభర్తలు పందిరిక్రింద వానచప్పుడు వినుచు ఒకరి భుజము నొకరు పట్టుకొని త్రొక్కిరి. నాలుగుదినముల కొకమాఱు త్రొక్కి, తడిగోనె కప్పి, చుట్టును నునుపుగా మెత్తిరి. అంత శ్రద్ధతో వారెన్నఁడును మట్టిఁ ద్రొక్కియుండలేదు.

నల్లకళ్లద్దములతోఁ దిరిగివచ్చిన పరాంకుశరావు కుప్పపై చేయివైచి నిలువఁబడిపోయెను.

"ఇంత మెత్తగా ఎవరు చేశారు?"

"నానూ, ఇదీని. మీరు కలపమన్నారు గదా! ఎన్నలాగ తొక్కినాం. ఒక్క బుడగుంటే నా సెవి కోసీయండి."

బుడగ లేదు. పాఱతోఁ జీల్పఁగా లోపలిమట్టి కాటుకవలె నల్లనై, చమురుకంపుతోడ మురిగినగ్రుడ్లకంపును వెలిగ్రక్కెను. పరాంకుశరావు ముక్కు మూసికొనలేదు. జరిగినదానిని నాలుగుమాటలలో వారికిఁ దెలిపెను.

అసిరయ్య తన పాదములవంకఁ జూచెను.

"అయితే, ఊపిరాడక సచ్చిపోనాయా?"

"తప్పు నాదయ్యా. మాట నాది."

"కాళ్లు నావి గదా మేస్టారూ."

"మళ్లీ తెత్తే?" అని గురువులమ్మ యడిగెను.

"తెస్తాను. కానీ అవి పెరిగి ఇదంతా తినడానికి మళ్లీ మూడు నెలలు."

"మూన్నెల్లు అవి తింటాయి. మరి మావేటి తింటాం?"



అసిరయ్య యొక ముద్దఁ దీసి సారెపై నిడి త్రిప్పెను. వెన్నవలె నునుపైన యా మట్టి వ్రేళ్లనడుమ రెండంగుళములు లేచి, ఒక్క క్షణము నిలిచి, ప్రక్కకుఁ గూలెను. సారె తనంతటఁ దానాగువఱకు వాఁడు దానిపై చేయి వేయలేదు.

జీవికేమి కావలయునో యెఱిఁగినవాఁడొకఁడు; మట్టికేమి కావలయునో యెఱిఁగినవాఁడొకఁడు. ఇరువుర యెఱుకయు సత్యమే. నడుమ నొక్కమాట రెండర్థములతో నిలిచి, మూఁడునెలల ప్రాణమును నిశ్శబ్దముగా హరించెను.

మఱునాఁటి యుదయము కర్మాగారమునకుఁ బోవు బస్సు రాకమునుపు అసిరయ్య గుంతలోని క్రొత్తనీట దిగి కాళ్లు కడిగికొనెను. ఎంత రుద్దినను మడమపగుళ్లలోని నలుపు వదలలేదు. వాని పిక్కలచుట్టును సన్నని చమురుపొర విడివడి, ప్రొద్దుటెండలో నీలారుణహరితవర్ణములతో వలయములు వలయములుగా విస్తరించుచు గుంతయంతయు నలంకరించెను.