ఐదో మూత

ఫౌస్తినో యారంగా ఇనుప కొక్కెం పెట్టి మురుగు మూత లేపాడు. వాసన మొహాన కొట్టింది. అతను మొహం తిప్పుకోలేదు. దారం పట్టుకుని లాగితే, రెండు రోజులుగా ఆ నీళ్ళలో వేలాడిన గాజుగుడ్డ మూట నల్లగా పైకి వచ్చింది. దాన్ని సీసాలో వేసి, బిరడా బిగించి, పైన మూడు అని అంకె వేశాడు.

లీమాలో ఆటలు మొదలవడానికి ఇంకా వారం ఉంది. క్రీడాకారులు దిగిన భవనాలు ఎనిమిది, మూతలు ఎనిమిది. దేశాలు దాటి ఏ జబ్బు వచ్చినా మనుషుల కంటే ముందు మురుగు చెబుతుంది. కలరా సంగతి మరీనూ. అది కడుపులో ఉన్నవాళ్ళలో చాలామంది నవ్వుతూనే తిరుగుతారు. గుడ్డ మాత్రం అబద్ధమాడదు. ఆ గుడ్డలు కట్టి, వేసి, తీసి పరీక్షకు పంపడం ఫౌస్తినో పని.

మూడో భవనంలో సముద్రం అవతలి జట్లు. ఆ మూత కింద అతను రెండు గుడ్డలు వేసేవాడు. ఐదో భవనంలో పెరూ జట్టు, అందరికీ వండిపెట్టే ఆడవాళ్ళు. ఆ మూత లేపేవాడే కాదు. మూడోదాంట్లోంచి తీసిన రెండో గుడ్డనే ఐదో సీసాలో పడేసేవాడు. ఇప్పటికి మూడుసార్లు అదే పని చేశాడు.

వ్యాను తోలే మాసెదోకి ఇదంతా తెలుసు.

"అక్కడే అంతసేపు తొంగిచూస్తావేం మామా? అత్తారిల్లా?" అన్నాడు.

"నీ పని చూసుకో."

"మనవాళ్ళది కూడా ఓసారి లేపు. ఇంటిదొంగను దేవుడైనా పట్టలేడంటారు."

"మనవాళ్ళ దాంట్లో ఏముంటుంది? దుంపల తొక్కలు."

మాసెదో నవ్వి బండి తీశాడు. అతనికి ఫౌస్తినో భార్య సంగతి తెలుసు. అందుకే రెట్టించలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట లీమా పక్కనే ఉన్న కయావో రేవుకి ఏదో ఓడ వచ్చి, దాని మురుగు సముద్రంలో వదిలిందన్నారు. ఆ వారమే ఫౌస్తినో భార్య దోమితీలా వీధిబండి దగ్గర నిమ్మరసంలో నానిన పచ్చి చేప తింది. తెల్లవారుజామున కలరా మొదలైంది. సాయంత్రానికి, ఆస్పత్రి నడవాలో, నేల మీదే ముగిసింది. ఓడ పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అతను ఆ ఒక్క ఓడనే ద్వేషించేవాడు.

ఆ సీసాలు ఇచ్చిన రెండు రోజులకు డాక్టరు నెలిదా ఒకాన్యా ఫౌస్తినోని పిలిపించింది. ఈ ఆటలకు జబ్బుల కాపలా అంతా ఆమె చేతిలో ఉంది. మూడో సీసాలో కలరా ఉంది, ఐదో సీసాలోనూ ఉంది అని చెప్పింది. మూడో భవనం వాళ్ళకి గదులు కదలొద్దని అప్పటికే చెప్పేశారట. ఇక వంటశాల మూసి, నలభైమంది వంటవాళ్ళను పనిలోంచి పంపించెయ్యాలి. సంతకానికి కలం తీసింది.

మనవాళ్ళ మీద పడుతోంది నింద. ఫౌస్తినో తట్టుకోలేకపోయాడు.

"ఆగండి డాక్టరమ్మా. ఐదో సీసాలోది కూడా మూడోదే. రెండూ అక్కడే వేశాను. జబ్బంతా వాళ్ళది."

ఆమె కలం పక్కన పెట్టింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. ఎనిమిది రోజులన్నాడు.

"మరి ఐదోదాంట్లో లేదని ఎలా చెబుతున్నారు? వేసి చూశారా?"

అతను దోమితీలా సంగతి చెప్పాడు. నాలుగే మాటల్లో చెప్పాడు. ఓడ తెచ్చింది అన్నాడు.

"కొందరు ఓడ అన్నారు. మన సముద్రంలో ముందునుంచే ఉందన్నవాళ్ళూ ఉన్నారు. ఇంకా తేలలేదు, ఫౌస్తినోగారూ."

"నాకు తేలింది."

ఆమె లేచి కోటు తొడుక్కుంది. సన్నటి మంచుతుంపరలో అతని వెంట ఐదో భవనం దాకా నడిచి, మూత లేపించి, గుడ్డ వేయించింది. రెండు రోజుల తర్వాత దగ్గరుండి తీయించింది. ఫలితం వచ్చేదాకా వంటశాల తెరవనివ్వలేదు. బయటి నుంచి పొట్లాల్లో తిండి వచ్చింది. తలుపు దగ్గర కూర్చున్న వంటవాళ్ళు ఫౌస్తినో దాటినప్పుడల్లా మాటలు ఆపేవారు.

ఐదో సీసాలో కలరా ఉంది.

డాక్టరు అతన్ని కూర్చోమనలేదు.

"మూడోదాంట్లో మొదటి రెండుసార్లు లేదు. మూడోసారి కనిపించింది. ఐదోదాంట్లో ఎప్పటినుంచి ఉందో మీరు చూడలేదు. వాళ్ళు మనకి తెచ్చారో, మనమే వాళ్ళకి వడ్డించామో ఇక ఎవరూ చెప్పలేరు."

ఫౌస్తినో నోరు తెరిచాడు. ఓడ అనబోయాడు.

ఆమె పుస్తకం అతని ముందుకు తోసింది. జరిగింది మీ చేత్తోనే రాసి, కొక్కెం అప్పగించి వెళ్ళండి అంది. అతను పల్లె బడిలో నేర్చుకున్న పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు. ఐదో మూత. ఎనిమిది రోజులు. గుడ్డ వెయ్యలేదు.

పక్కన కారణం రాయడానికి ఒక గడి ఉంది. అక్కడ కలం చాలాసేపు ఆగింది.

చూడబుద్ధి కాలేదు, అని రాశాడు.