బావ కారుకి ఫేర్‌వెల్

గొడవంతా ఫోన్లో మొదలైంది.

గ్యారేజీలో కంప్రెసర్ మోగుతోంది. పక్క షెడ్డులో ఎవరో రేకు కోస్తున్నారు. ఆ రెంటినీ మించి మోగేది మైకు గొంతు. పుట్టగానే అతను ఏడ్చిన ఏడుపుకి పక్క వార్డులో వాళ్ళు కూడా లేచి కూర్చున్నారట, ఆనాటి నుంచి మైకే. పెద్దయ్యాక కార్లు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు కనక మెకానిక్కు కాదు, మైకానిక్కు.

అక్క ఫోన్లో ఉండగా అతను కారు కింద ఉన్నాడు, ఫోను బల్ల మీద స్పీకర్లో ఉంది, స్పేర్ పార్టుల కొట్టాయన గుమ్మంలో అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కడ పెట్టన్నా! బావ కారుకి ఫ్లైవీల్! ఆదివారం పొద్దున్నకి! బావకి మాత్రం చెప్పకు!" అని కారు కిందనుంచే అరిచాడు మైకు.

ఆ కారు ఎప్పుడు ఇల్లు వదులుతుందా అని చూసే అక్క చెవిలో అది "బావ కారుకి ఫేర్‌వెల్" అని పడింది.

"నిజంగానా తమ్ముడూ?"

"విన్నావా అక్కా? నువ్వూ చెప్పకు, సర్‌ప్రైజు!"

"నేనెందుకు చెప్తాన్రా! నా తండ్రే! ఇన్నాళ్ళకి ఒక్క మంచిపని చేస్తున్నావు."

తను చేసిన పనిని అక్క మంచిపని అన్నప్పుడే అతనికి అనుమానం రావలసింది. రాలేదు. పొగడ్త ముందు ఎంతటి మెకానిక్కైనా న్యూట్రల్లో పడతాడు.

బావ డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగు, మిగతా సగం మందికి సిగ్గు నేర్పినవాడు. నేర్చుకునేవాళ్ళ చేతిలో బండి ఆగిపోతే, "క్లచ్చు మీద కాలు పెట్టావా, పగబట్టావా?" అనేవాడు. ఆయనకో పాత స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, అవీ నేలకి జానెడెత్తులో. దాన్ని ఆయన ఆక్సిలరేటర్ తొక్కకుండా కదిలిస్తాడు. క్లచ్చు మీంచి కాలు నెమ్మదిగా తీస్తాడంతే, కారు పెరుగు గిన్నె మోసుకెళ్ళే మనిషిలా తొణక్కుండా బయల్దేరుతుంది. "బండిని తొయ్యకు, నడవనియ్యి" అన్నది ఆయన పాఠం.

ఆ పాఠమంతా అసలు ఫ్లైవీల్ చలవ. ఇంజన్ వెనకాల తిరిగే బరువైన ఇనప పళ్ళెం అది. నిండుకుండ తొణకదన్నట్టు, తన బరువుతో ఇంజన్‌ని ఆగిపోనివ్వకుండా పట్టుకుంటుంది. దాన్ని తీసి తేలికది పెడితే ఇంజన్ లేడికి లేచిందే పరుగన్నట్టు జివ్వున లేస్తుంది. అంతే జివ్వున పడిపోతుంది కూడా. కదిలేటప్పుడు కాస్త ఎక్కువ తొక్కకపోతే ఠపీమని ఆగిపోతుంది.

ఇది మైకుకి తెలియక కాదు. తేలికది పెట్టించుకున్న ప్రతివాడినీ పక్కన కూర్చోబెట్టుకుని వీధి చుట్టూ ఒక రౌండు తిప్పి, కాలు అలవాటు పడ్డాకే తాళం ఇవ్వడం అతని గ్యారేజీ పద్ధతి. కానీ బావకి ఎడమ మోకాలు ఆపరేషనయింది. క్లచ్చు ప్లేటు మార్చమని కారు అప్పజెప్పి ఇంట్లో పడుకున్నాడు. గేర్‌బాక్సు ఎలాగూ దింపాం కదా, లేచేసరికి బావకి కుర్రకారు చేసి ఇద్దాం అనుకున్నాడు బామ్మర్ది. కొత్త బోల్టులు తెప్పించాడు. ఆయిల్ సీలు చూసుకున్నాడు. టార్క్ రెంచితో ఎదురెదురు బోల్టులు బిగించుకుంటూ వచ్చాడు. పనిలో లోపం లేదు. లోపం పని సంగతి చెప్పకపోవడంలో ఉంది.

ఆదివారం పొద్దున గ్యారేజీ ముందు జనం చూసి మైకు తెల్లబోయాడు. బావ దగ్గర నేర్చుకున్న దర్జీ, నర్సమ్మ, బ్యాంకు గుమస్తా, ఇంకా ఎవరెవరో పూలగుత్తులు పట్టుకుని ఉన్నారు. అక్క చేతిలో మూత పెట్టిన కేకు.

"ఏంటక్కా ఈ ఊరేగింపు?"

"నువ్వే కదరా చెప్పావు," అంది అక్క నవ్వుతూ.

తన సర్‌ప్రైజుకి అక్క ఇంత మందిని పిలిచిందే అని మైకు మురిసిపోయాడు. అంతలో బావ చేతికర్ర ఊపుకుంటూ రోడ్డు మీంచి ర్యాంపు దిగి వచ్చాడు. అందర్నీ చూసి, తను మళ్ళీ స్టీరింగు పడుతున్నందుకే వచ్చారనుకున్నాడు పాపం.

"అయితే సాక్షులు కూడా ఉన్నారన్నమాట! వినండర్రా. ఈ కాలుతో ఇక నడపలేనంటుంది మీ మాస్టారమ్మ. అందుకే మా ఇద్దరికీ పందెం. ఈ కింద నుంచి ర్యాంపు మీదుగా మూడుసార్లలో ఒక్కసారైనా కారు ఆగకుండా రోడ్డెక్కిస్తే కారు నాది. మూడుసార్లూ ఆగిందో, తాళం ఆవిడది. కారూ వద్దు, క్లాసులూ వద్దు. ఇంట్లో కూర్చుంటా. మాటంటే మాటే."

మైకు బావ మోకాలి వంక, కారు వంక చూశాడు. పందెం సంగతి అతనికి తెలీదు. అప్పుడే "బావా, ఒక్క నిమిషం" అని ఉండవలసింది. ఇంతమంది ముందు సర్‌ప్రైజు చప్పబడుతుందేమో అనిపించింది. బావ కాలు కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

బావ కర్ర గోడకి ఆనించి, మోకాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని కూర్చున్నాడు. తాళం తిప్పాడు. కారు గలగలమంది, రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు. తేలిక ఫ్లైవీల్ పెడితే న్యూట్రల్లో గేర్‌బాక్సు అలాగే మోగుతుంది. క్లచ్చు తొక్కగానే ఊరుకుంటుంది. బావ ఒక్క క్షణం చెవి వంచి విని, గేరు వేసి, ఎప్పటిలాగే కాలు మెల్లగా తీశాడు.

ఠప్.

"మాస్టారూ," అన్నాడు దర్జీ వెనకనుంచి, "కాలు పెట్టారా, పగబట్టారా?"

అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది మైకే. "కాలం కలిసిరాకపోతే కాలూ కలిసిరాదు బావా!" అని కూడా అన్నాడు. నోరు అలవాటు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

రెండోసారి బావ ఇంకా నెమ్మదిగా, ఇంకా శ్రద్ధగా తీశాడు. ఎంత శ్రద్ధ పెడితే అంత త్వరగా ఆగే రోజది. ఠప్. ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారి కారు ర్యాంపు మీద సగం దాకా గెంతుకుంటూ వెళ్ళి ఆగిపోయి, వెనక్కి జారి, ఖాళీ ఆయిల్ డబ్బాకి కొట్టుకుంది. డబ్బా దొర్లుకుంటూ వెళ్ళి నర్సమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

బావ దిగాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఎవరి కాలో అన్నట్టు దానివంక చూశాడు. తాళం అక్క చేతిలో పెట్టాడు.

"కారుకేమైనా..." అని బ్యాంకు గుమస్తా ఏదో అనబోయాడు.

"కారుకేం కాలేదు," అన్నాడు బావ. "మా బామ్మర్ది చేతి పని అది. క్లచ్చు వెన్నలా ఉంది. వాడి పనికి వంక పెట్టకండి. నా కాలే నా మాట వినడం లేదు."

మైకు జనం వంక చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది తన గ్యారేజీకి వచ్చేవాళ్ళే. మనిషిని అడక్కుండా కారులో వస్తువు మార్చాడని తెలిస్తే రేపు ఎవడు బండి వదులుతాడు? ఊరంతటికీ వినపడే గొంతు గుటకంత కూడా వినపడలేదు. బరువు తీద్దామనుకుంటే పరువు తీసినట్టయింది, అదీ ఎవరిది? తనని వెనకేసుకొస్తున్న మనిషిది. చులకన చేసింది ఫ్లైవీల్‌నని అనుకున్నాడు గానీ, బావని.

అప్పుడే గాలికి కేకు మూత లేచింది. మీద క్రీముతో "ఇక సెలవు, కారూ!" అని రాసుంది. బావ చదివాడు. ఆయన మొహం చూసి అక్క గబగబా మూత పెట్టేసింది.

"ముందే తెలుసన్నమాట అందరికీ," అన్నాడు బావ మెల్లగా. "ఒరే, కారుని లోపల పెట్టెయ్. దారికి అడ్డంగా ఉంది."

మైకు తలొంచుకుని అక్క దగ్గర తాళం తీసుకుని కారెక్కాడు. బుర్ర పనిచెయ్యడం లేదు గాని కాలు పనిచేసింది. అలవాటు కొద్దీ ఆక్సిలరేటర్ రయ్యిమనిపించి క్లచ్చు వదిలాడు. కారు మొరాయించకుండా కదిలి, మలుపు తిరిగి, తన చోట్లో ఆగింది. న్యూట్రల్లో మళ్ళీ గలగల.

"ఆగరా," అంది అక్క.

ఆవిడ కారు దగ్గరికి వచ్చింది. ఆవిడకి డ్రైవింగ్ రాదు, ఆ కారంటే పడదు కూడా.

"ఈ కారు సందు మలుపులో ఉండగానే చప్పుడు విని నేను పొయ్యి వెలిగించేదాన్ని. ఇది ఆ చప్పుడు కాదు. పైగా మీ బావ ఎప్పుడూ దీన్ని అరిపించరు. నువ్వెందుకు అరిపించావు? అరిస్తే గానీ కదలదని నీకెలా తెలుసు?"

మైకు ఇంజన్ కట్టేశాడు. స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

"తప్పు కాలుది కాదక్కా, కారుది," అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆ ముక్కకి తనే చప్పట్లు కొట్టుకునేవాడు. "కారుది కూడా కాదు, నాది. బావకి చెప్పకుండా తేలిక ఫ్లైవీల్ పెట్టాను. దీంతో ఆయన కాలే కాదు, ఎవరి కాలైనా అలా తీస్తే ఆగిపోతుంది. నాకు తెలుసు. తెలిసీ నవ్వాను."

"గట్టిగా చెప్పు," అన్నాడు బావ. "వెనకవాళ్ళకి వినపడలేదు."

మైకు జీవితంలో ఆ మాట వినడం అదే మొదలు. మళ్ళీ చెప్పాడు.

"ఏం వీల్?" అంది అక్క.

"ఫ్లైవీల్. ఆ రోజు ఫోన్లో నువ్వూ విన్నావుగా."

"ఫేర్‌వెల్ అన్నావు కదరా!"

"కారుకి ఫేర్‌వెల్ ఏంటక్కా?"

అక్క కేకు వంక చూసింది, పూలగుత్తుల వంక చూసింది, కొంగుతో మొహం కప్పుకుంది. "దేవుడా! నేనే పిలిచానే వీళ్ళందర్నీ..."

ఈసారి నవ్వు ఆగలేదు. అక్క కూడా కొంగు చాటునుంచి నవ్వింది. బావ మాత్రం నవ్వకుండా కారు దగ్గరికి నడిచి, మైకుని పక్క సీట్లోకి జరగమని సైగ చేశాడు. కూర్చుని, జీవితంలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"ఎంత తొక్కాలి?"

"కాస్త... బావా, క్షమించు."

"అది తర్వాత. ఎంత?"

"ఇంకాస్త. ఆ. ఇప్పుడు వదులు."

కారు ర్యాంపు ఎక్కింది. రోడ్డు మీద కొట్లన్నీ దాటాక బావ గేరు మార్చాడు. తర్వాత, "జివ్వుమంటోంది," అన్నాడు. అందులో కోపం ఎంతో, ఇష్టం ఎంతో మైకుకి అర్థం కాలేదు. "నన్నడిగుంటే నేనే పెట్టించుకునేవాణ్ణి కదరా."

మైకుకి బావ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తిరిగొచ్చేసరికి అక్క చెంచాతో కేకు మీద "ఇక సెలవు" చెరిపేస్తోంది. దర్జీ రోడ్డు మీద ఆపిన డ్రైవింగ్ స్కూలు కారుకున్న ఎర్ర ఎల్ బోర్డు విప్పి తెచ్చి, స్పోర్ట్స్ కారు ముందు కట్టాడు. బావ దాన్ని తియ్యమనలేదు. తాళం తన జేబులో వేసుకున్నాడు. అక్క చెయ్యి చాపలేదు.

అంతలో ఆలస్యంగా ఒకాయన చేతిలో పూలదండతో రొప్పుతూ వచ్చాడు.

"మాస్టారూ, ఫేర్‌వెల్ అయిపోయిందా?"

బావ బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు.

"చెప్పరా. మైకు ఉన్నది దేనికి?"

"ఫేర్‌వెల్ కాదండీ," అన్నాడు మైకు నేల చూస్తూ. "ఫ్లైవీల్. బావని అడక్కుండా నేను మార్చాను. అక్క ఫోన్లో ఫేర్‌వెల్ అని విని మీ అందర్నీ పిలిచింది. కారు మూడుసార్లు ఆగింది. ఆ మూడూ నా ఖాతాలోవే."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏం మార్చారూ?"

మైకు గొంతు పెంచాడు.