మూడు పొట్టల పడవ

పళ్ళు లేనిదాని వయసు ఎట్లా చెప్పేది, గొర్రెనైతే దవడ పట్టుకుని పెదవి ఎత్తితే చాలు, రెండు పళ్ళదో నాలుగు పళ్ళదో నోరే చెబుతుంది, దీనికి మూతి ఎటో తోక ఎటో కూడా తెలియడం లేదు, మధ్యలో పెద్ద పొట్ట, అటొకటి ఇటొకటి సన్నటి పొట్టలు, మూడింటినీ కలుపుతూ అడ్డ దూలాలు, తుమ్మచెట్టు కింద చిరుగుల టార్పాలిన్ లాగేసరికి దేవకమ్మకు ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది, దీనికోసమా మందలో సగం అమ్ముకోమనేది, దీనికోసమా ఉదయగిరిలో తొలి బస్సెక్కి, ఆత్మకూరులో దిగి, అనంతసాగరం షేర్ ఆటోలో పచ్చిమిరప బస్తా మీద కూర్చుని వచ్చింది, ట్రైమరాన్ అంటారు మా, మూడు పొట్టలుంటాయి గాబట్టి బోర్లా పడదు అని కూతురు శ్వేత దారి పొడుగునా చెబుతూనే ఉంది, ఆ పేరు మాత్రం ఎన్నిసార్లు విన్నా దేవకమ్మ నోట్లో నిలవలేదు.

ఇంట్లోకి ఏ జీవం రావాలన్నా ముందు దేవకమ్మ చెయ్యి పడాలి, అదొక అలవాటైపోయింది, ఆదెయ్య పేరుకు మొగుడే గానీ పొట్టేలు కొమ్ములు చూసి మురిసిపోయే రకం, అందుకే నిన్న అన్నం తింటూ తప్పించుకున్నాడు, పడవల సంగతి నాకేం తెలస్తదే, నువ్వే పోయి చెయ్యేసి చూడు, నువ్వు ఊ అంటే గొర్రెల్ని సంతకు తోలతా, ఊహూ అంటే ఆడికి సరి అన్నాడు, ఊహూ అనడానికే ఆమె వచ్చింది, ఆ ముక్క ఎవరికీ చెప్పలేదంతే, కూతురు మళ్ళీ నోరెత్తలేని తప్పు ఒక్కటి దొరికితే చాలు, లేకపోతే ఊరుకుంటుందా ఆ పిల్ల, విశాఖలో రెండేళ్ళు పడవల దగ్గర పనిచేసొచ్చింది, సోమశిల నీళ్ళ మీద జనాన్ని తిప్పుతానంటోంది, డ్యామ్ చూడ్డానికి వచ్చినోళ్ళు గట్టు మీద సెల్ఫీ దిగి ఎలబారిపోతా ఉండారు మా, నీళ్ళ మీదికి తీసకపొయ్యేదానికి ఒక్కరన్నా ఉండారా అంటుంది, అనక ఏం చేస్తుంది, చిన్నప్పుడు వేసవుల్లో మందను ఈ నీటి అంచునే నిలిపినప్పుడు గొర్రెపిల్లల్ని చూస్తుండమంటే నీళ్ళలో తేలుతూ కనిపించేది, ఎన్నిసార్లు జుట్టు పట్టుకుని బయటికి లాగిందో, లాగిన ప్రతిసారీ చేతిలో అంత తేలిగ్గా, అంత సంతోషంగా ఉండేది పాడుపిల్ల.

మూతపడిన రిసార్టు తాలూకు మనిషి కోటేశ్వర్ పక్కనే నిలబడి పదేళ్ళ కింద దీన్ని పుదుచ్చేరి నుంచి లారీలో తెచ్చినామని, రెండేళ్ళుగా ఇక్కడే ఉండాదని, ఇంత మంచి సరుకు మళ్ళీ దొరకదని చెప్పుకుపోతున్నాడు, శ్వేత అతని మాట వినడం లేదు, పొట్టకు చెవి ఆనించి వేలి కణుపులతో జానెడు జానెడుకూ కొడుతోంది, గట్టిగా మోగితే తల ఊపుతోంది, తీగలు లాగి చూస్తోంది, లోపలికి తల దూర్చి వాసన చూస్తోంది, ఇదంతా ఎక్కడ నేర్చిందని దేవకమ్మ విసుక్కుంటూనే చూసి, తనూ చీర చెంగు దోపుకుని కుడి పొట్ట కింద భుజం పెట్టింది, కాస్త లేచింది, ఎడమ పొట్ట కింద పెట్టింది, కదల్లేదు, నోరు జారి ఎడమది నిండుగా ఉండాదే, చూడి గొర్రె మాదిరి అనేసింది, కోటేశ్వర్ దాన్ని అందుకుని గట్టిదక్కా గట్టిది అన్నాడు, శ్వేత మొహం మాత్రం మాడిపోయింది, స్పానర్ తెచ్చి ఎడమ పొట్ట వెనక బిరడా విప్పింది, విప్పీ విప్పకముందే ఆకుపచ్చటి నీళ్ళు, కుళ్ళు కంపు, బుడబుడమని కారడం మొదలుపెట్టాయి.

ఉప్పు మేపి నీళ్ళు తాగించి పొట్ట పెంచిన గొర్రెను తనకెవరూ అంటగట్టలేదు ఇన్నేళ్ళలో, ఇవాళ అంటగట్టబోయారు, దొరికింది తప్పు, కాళ్ళ దగ్గరికే వచ్చి దొరికింది, పొట్టకు చిల్లి పడ్డాదేమో మా, ఎక్కడుండాదో ఏమో, ఇదింక కుదరదులే అని శ్వేత బిరడా చేతిలో పట్టుకుని మట్టిలో చతికిలబడింది, ఇక గొర్రెలు ఎక్కడికీ పోవు, బొల్లిది ఉంటుంది, చెవి తెగింది ఉంటుంది, పోయినేడు కవల ఈనింది ఉంటుంది, దేవకమ్మ గుండె తేలికపడింది, తేలికపడాలి కదా, మరి ఎందుకు పడలేదో, కళ్ళేమో అలవాటుకొద్దీ గడ్డి కోసం నేల మీదికి పోయాయి, గొర్రెలోళ్ళ కళ్ళు ఎక్కడికి పోయినా ముందు గడ్డినే వెతుకుతాయి, ఎడమ పొట్ట కింద గడ్డి లేదు, పొట్ట పొడుగునా ఒక్క పరక లేదు, నేల నెరలిచ్చి తెల్లగా ఉంది, చీమలు వరస కట్టి పోతున్నాయి, ఇన్ని నీళ్ళు పైన పెట్టుకుని కింద చుక్క రాలితే ఈపాటికి గరిక పచ్చగా లేచి ఉండదూ, లేవలేదంటే రాలలేదు, తుఫాను వానలకు పైనుంచి పడ్డ నీళ్ళు పడ్డట్టే నిలిచి ఉన్నాయి, పొట్ట నిక్షేపంగా ఉంది.

ఈ సంగతి తనకు తప్ప ఎవరికీ తట్టలేదు, కోటేశ్వర్ సిగ్గుపడి దూరంగా పోయాడు, పిల్ల తల ఎత్తడం లేదు, నోరు మూసుకుంటే చాలు, మధ్యాహ్నానికల్లా ఆత్మకూరులో భోజనం చేసి ఇల్లు చేరొచ్చు, రేపు ఇంకేదో ఉద్యోగం చూసుకుంటుంది, అందరు పిల్లల్లాగే, నీళ్ళను మరిచిపోతుంది, మరిచిపోతుందా, మట్టిలో ఆ కూర్చోవడం చూస్తే పాలు తాగడం మానేసిన గొర్రెపిల్ల గుర్తొస్తోంది, అట్లాంటి వాటిని తను ఏనాడూ వదిలిపెట్టలేదు, రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని వేలితో పాలు నాకించి బతికించింది, ఒసే శ్వేతా, లెయ్, కింద గడ్డి మొలిచిందేమో చూడు అంది, గడ్డేంది మా అంది ఆ పిల్ల, కారే పొట్టయితే గడ్డి మొలవదా, చిల్లి కింద లేదు, పైన ఉండాది, ఎక్కి చూడు పో, అనేసింది.

శ్వేత నేల చూసింది, తల్లిని చూసింది, ఒక్క ఉదుటున పైకెక్కి పొట్ట మీది మూత ఊడదీస్తే దాని చుట్టూ ఉన్న రబ్బరు పొడిపొడిగా చేతిలో రాలింది, రబ్బరు మా, రబ్బరొకటే పోయింది అని అక్కడి నుంచే అరిచింది, లోపలికి టార్చి వేసి తడిమి తడిమి చూసింది, గట్టిగా ఉండాది మా అంది, కిందికి దూకొచ్చి, ఆకుపచ్చ నీళ్ళంటిన చేతులతోనే దేవకమ్మ రెండు చేతులూ పట్టుకుని, నాయనకు ఫోన్ చెయ్యాల, ఊ అంటావా మా అని అడిగింది, కొండ మీదికి ఎండ ఎక్కింది, అవతల నీళ్ళు మెరుస్తున్నాయి, దేవకమ్మ ఊ అనబోయి ఆగింది, ఇప్పుడు అనడానికి ఇంకేం మిగిలింది, నోరు మూసుకుంటే సరిపోయేదానికి గడ్డి సంగతి చెప్పిన క్షణానే తను ఊ అనేసిందని, మందలో సగం అప్పుడే చేతులారా తోలేసిందని, తోలేసినందుకు దిగులు లేకపోగా ఒళ్ళంతా హాయిగా ఉందని, అప్పుడు తెలిసింది ఆమెకు.