నాలుగో డబ్బా

పోలీసు కుక్కల దళంలో అతన్ని అందరూ మామయ్య అంటారు. నిజానికి అతను ఒక్కరికే మామయ్య. దళంలోని పశువుల డాక్టరు అతని చెల్లెలి కూతురు. రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆ పిల్ల పదిమందిలో "మామయ్యా, దాని మూతి ఇటు తిప్పు" అనేసింది. సాయంత్రానికల్లా కుక్కల తిండి తూచేవాడి దగ్గర్నుంచి పై అధికారి దాకా అతను అందరికీ మామయ్యే అయిపోయాడు. అలిగి లాభం లేదని అతనూ పలకడం మొదలుపెట్టాడు.

అతని కుక్క పేరు బొగ్గు. పేరుకు తగ్గ రంగు, ఆరేళ్ల వయసు. రెండు నెలల పిల్లప్పుడు చొక్కాలో దాచుకుని తెచ్చుకున్నాడు. దాని పాలపళ్లు ఊడినప్పుడు ఏరి అగ్గిపెట్టెలో దాచిన మనిషి. అతనికి పిల్లలు లేరు కాబట్టి ఇలా చేశాడని జాలిపడేవాళ్లున్నారు. వాళ్లకేం తెలుసు, పిల్లలున్నా చేసేవాడే.

ఇప్పుడా బొగ్గుకి సంబంధం కుదిరింది. దళంలో కుక్కల జతలు కలిపే పెద్దాయనకి పేరయ్య అని ముద్దుపేరు. పెళ్లిళ్ల పేరయ్యకి లాగే ఆయన సంచిలో ప్రతి కుక్కకీ ఏడు తరాల చిట్టా ఉంటుంది. ముత్తాతకి తుంటి కీలు వదులన్నా చాలు, సంబంధం తప్పించేస్తాడు. అలాంటి ఆయనే బొగ్గు పిల్లలు కావాలని పట్టుబట్టాడు. కారణం అందరికీ తెలిసిందే. నాలుగు నెలల కిందట ఒక మందుల గోదాములో దొంగలు పడి కాపలాదారుని కొట్టి చంపారు. అక్కడ దొరికిన చేతి తొడుగు వాసన చూసి, వరసలో నిలబడ్డ ఐదుగురిలో ఒక లిఫ్టు మెకానిక్ ముందు బొగ్గు కూర్చుంది. కూర్చోవడమంటే వీడేనని చెప్పడం. పేపర్లో ఫొటో వచ్చింది. మామయ్య భార్య దానికి చట్రం కట్టించి ముందు గదిలో పెట్టింది.

పెళ్లికి ముందు తుంటి నుంచి పంటి దాకా పరీక్ష జరగాలని పేరయ్య నియమం. అందుకే సోమవారం ఉదయం బొగ్గుకి మత్తిచ్చి ఎక్స్‌రే తీశారు.

"మామయ్యా, ఇది ఎన్నాళ్ల నుంచి తుమ్ముతోంది?" అని మేనకోడలు తెర మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది.

"దుమ్ము కదమ్మా. ఇక్కడ అందరం తుమ్ముతున్నాం."

"ఇది దుమ్ము కాదు. ఇలా రా. ఇది పై కోరపన్ను. దీని వేరు చుట్టూ నల్లగా కనిపిస్తోందే, అక్కడ ఎముక ఉండాలి. చీము పట్టి తినేసింది. నోటికీ ముక్కుకీ మధ్య గోడే లేదు. ఎడమ ముక్కు మూసుకుపోయింది, కుడిది సగం పోయింది."

"మందులిస్తే తగ్గదా?"

"పన్ను పీకాలి. శుక్రవారం పీకేస్తాను. నొప్పి పోతుంది. వాసన తిరిగొస్తుందో లేదో మాత్రం చెప్పలేను." ఆమె బొగ్గు చెవి నిమిరింది. "ఇంత ఎముక పోవాలంటే ఆరు నెలలైనా పట్టి ఉంటుంది. ఇన్నాళ్లూ ఇది పని ఎలా చేసిందో నాకు అర్థం కావట్లేదు."

మామయ్యకి అర్థమైంది. అర్థమైన మరుక్షణం గోడకి ఆనుకున్నాడు.

ఇరవై ఏళ్ల అనుభవంలో కొత్తవాళ్లకి అతను చెప్పే మొదటి పాఠం ఒకటుంది. వాసన ఎక్కడుందో తాడు పట్టుకున్నవాడికి తెలియకూడదు. తెలిస్తే వాడి ఒళ్లు చెప్పేస్తుంది. వాడు నోరు విప్పక్కర్లేదు, చెయ్యి కదపక్కర్లేదు. సరైన చోటికి రాగానే వాడి ఊపిరి ఆగుతుంది, అరచేతిలో తాడు బిగుస్తుంది. కుక్క ముక్కుతో పాటు దాన్నీ చదువుతుంది. పాఠం చెప్పడం బాగానే చెప్పాడు. తన దగ్గరికి వచ్చేసరికి బద్ధకించాడు. రోజూ సాధనలో గుడ్డ ముక్కని తనే దాచి తనే తీయించేవాడు. బొగ్గు ఒక్కసారి కూడా తప్పేది కాదు. ఎలా తప్పుతుంది?

ఇక ఆ వరస సంగతి. ఆ రోజు స్టేషను ముఖద్వారం దగ్గర బూట్లు కట్టుకుంటుంటే ఆ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు పక్కకొచ్చి, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా, "ఎడమ నుంచి నాలుగోవాడు. లిఫ్టు మెకానిక్. మాకు మొదట్నుంచీ వాడి మీదే అనుమానం" అని చెవిలో వేసి వెళ్లిపోయాడు. అలా చెప్పకూడదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట విన్నాక తాడు ఇంకొకరికి ఇచ్చేయాలని మామయ్యకి తెలుసు. ఇవ్వలేదు. బొగ్గు ముక్కు మీద అతనికి అంత నమ్మకం.

అతనికి మరుపురానిది ఆ మెకానిక్ నవ్వు. మిగతా నలుగురూ కుక్కని చూసి బిగుసుకుపోయారు. అతను మాత్రం, బొగ్గు తన కాళ్ల ముందు కుదురుగా కూర్చోగానే, నవ్వి చెయ్యి చాపాడు. "నేను నచ్చినట్టున్నాను సార్" అన్నాడు. కుక్క కూర్చుంటే అర్థమేమిటో పాపం అతనికి తెలియదు. ఆ చెయ్యి బొగ్గు తల మీద ఉండగానే సంకెళ్లు తెచ్చారు. గురువారం ఉదయం పది గంటలకు కోర్టులో మామయ్య సాక్ష్యం. తొడుగూ బొగ్గూ తప్ప ఆ మనిషిని లోపల ఉంచడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు.

"అమ్మాయీ, రిపోర్టులో ఆరు నెలలని రాయడం దేనికి? ఈ మధ్యనే అని రాయకూడదా?" అన్నాడు.

మేనకోడలు చేతి తొడుగులు తీస్తూ ఆగింది. "ఎందుకు?"

మామయ్య బొగ్గు మెడపట్టీ సర్దసాగాడు.

"తేదీ ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరులే," అంది ఆమె. "నువ్వన్నట్టు రాస్తే నన్ను తప్పుపట్టేవాళ్లు కూడా ఉండరు. కాకపోతే ఆ మాట నా మొహం చూసి అడుగు."

అతను చూడలేదు. ఆమె రిపోర్టులో ఆ గడిని ఖాళీగా వదిలి, "బుధవారం పేరయ్యగారి వాసన పరీక్ష అయ్యాక రాస్తాను" అని ఫైలు మూసేసింది.

మంగళవారమంతా అతనికి ఊపిరాడలేదు. దళం వాళ్ల ఇళ్లు కుక్కల గదుల వెనకే, గోడకి గోడ. ఇంట్లో ఉంటే చట్రంలోంచి బొగ్గు చూస్తుంది, బయటికొస్తే ఊచల్లోంచి బొగ్గు చూస్తుంది. చెప్పేస్తే మెకానిక్ బయటికొస్తాడు. కానీ బొగ్గు, తను కలిసి పట్టించిన ప్రతివాడి వకీలూ మర్నాడే గుమ్మం ముందు నిలబడతాడు. అందులో పిల్లల్ని ఎత్తుకెళ్లినవాడున్నాడు. వాణ్ని పట్టినప్పుడు బొగ్గు ముక్కు నిక్షేపంలా ఉంది. కానీ ఆ మాట తనది, తన మాట నమ్మేదెవరు? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ముఖద్వారం దగ్గర మూడో మనిషి లేడు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా కాస్త ఊరట కలిగేది. ఆ ఊరట కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. కక్కలేక మింగలేక అన్నం కంచం పక్కకి జరిపాడు. "కుక్కకి పన్ను నొప్పయితే నువ్వెందుకు పస్తులు?" అంది భార్య.

బుధవారం మధ్యాహ్నం పరీక్ష. ఆ గదికి ఒకటే తలుపు, కిటికీలు లేవు. నేల మీద వరసగా ఐదు రేకు డబ్బాలు, మూతలకి చిల్లులు. ఒకదాంట్లో వాసన పట్టించిన గుడ్డ ఉంటుంది, మిగతావి ఖాళీ. పేరయ్య ఎవర్నీ లోపలికి రానివ్వకుండా తనే అమర్చి, తను బయటికి పోయి, వీళ్లని లోపలికి పంపాడు. తెలిసినవాడు గదిలో ఉండకూడదని ఆయన పట్టు. మేనకోడలు కాగితం పట్టుకుని మూల నిలబడింది.

మామయ్య బొగ్గుకి గుడ్డ వాసన చూపించి నడిపించాడు. మొదటి డబ్బా. బొగ్గు మూతి ఆనించి, తలెత్తి అతని మొహం చూసింది. రెండోది. మళ్లీ చూసింది. మూడోది. ఆరేళ్లుగా అది అలా చూడటాన్ని అతను ప్రేమ అనుకున్నాడు. ప్రేమే కావచ్చు. కానీ ఇప్పుడది సమాధానం అడుగుతోంది, అతని దగ్గర సమాధానం లేదు. ఐదు డబ్బాలూ అయిపోయాయి. బొగ్గు వెనక్కి తిరిగి మళ్లీ మొదట్నుంచి వచ్చింది. తోక కిందికి వాలింది. భుజం నొప్పి పుట్టి ఒక్కక్షణం కదిలాడు. అదే చాలనుకుని బొగ్గు ఎదురుగా ఉన్న రెండో డబ్బా ముందు కూర్చుంది.

పేరయ్య లోపలికొచ్చి మూత తీశాడు. ఖాళీ.

"పన్ను సలుపుతోందేమోలే," అన్నాడాయన మొహమాటంగా. "సంబంధాలు ఒక్కచూపుకే తేలవు. నెల్లాళ్లాగి మళ్లీ చూద్దాం. ఇవాళ్టిది నేను చిట్టాలో ఎక్కించను."

తలుపు తెరిచే ఉంది. మామయ్య బొగ్గుని తీసుకుని మర్యాదగా బయటికి నడవొచ్చు. మిగతా ఇద్దరూ అతను అదే చేస్తాడనుకున్నారు.

"అన్నా, ఒక్క పని చెయ్యి," అన్నాడు మామయ్య. "ఆ గుడ్డ తీసేసి నీ జేబులో పెట్టుకో. ఐదింట్లోనూ ఏమీ ఉండకూడదు. కొత్త డబ్బాలు పెట్టు."

"ఏమీ లేకుండా పరీక్షేమిటయ్యా?"

"పెట్టు. నేను నాలుగు అనుకుంటాను. ఉత్తినే మనసులో అనుకుంటాను. మీరిద్దరూ నన్ను కాదు, దాన్ని చూడండి."

కొత్త డబ్బాలు వచ్చాయి. బొగ్గు బయల్దేరింది. మొదటిది, రెండోది, మూడోది, చకచకా దాటేసింది. అతను చేతిని వదులుగా ఉంచాలని ఎంత ప్రయత్నించాడో అతనికే తెలుసు. నాలుగో డబ్బా దగ్గర బొగ్గు ఒక్కసారి పైకి చూసి, వెంటనే కూర్చుంది. తోకతో నేల మీద టపటపా కొట్టింది. అది అంత సంతోషంగా కూర్చోవడం చూసి మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పేరయ్య ఒక్కొక్క మూతా తీశాడు. ఖాళీ. ఖాళీ. అన్నీ ఖాళీ.

"ఆ రోజు కూడా ఎడమ నుంచి నాలుగోవాడే," అన్నాడు మామయ్య. "ఇన్‌స్పెక్టరు నాకు ముందే చెప్పాడు."

బొగ్గు బంతి కోసం ఎదురుచూస్తోంది. సరిగ్గా పట్టిస్తే బంతి ఇస్తారు, అది దాని జీతం. మామయ్య జేబులోంచి తీసి ఇచ్చాడు. అడిగింది చేసింది కదా, దాని తప్పేముంది?

"మామయ్యా," అంది మేనకోడలు నెమ్మదిగా, "దీంతో మిగతా కేసులన్నీ కదులుతాయి. ఆ పిల్లల్ని ఎత్తుకెళ్లినవాడు కూడా..."

"తెలుసు. అది తలుచుకుంటేనే నాకు వణుకొస్తోంది. ఆరు నెలలని రాయి." ఈసారి ఆమె మొహం చూసే అన్నాడు. "ఆ ఎక్స్‌రే నాకొకటి ఇవ్వు. రేపు పట్టుకెళ్తాను."

పేరయ్య సంచి తెరిచి, బొగ్గు చిట్టా తీసి, రెండో డబ్బా సంగతి, ఖాళీ డబ్బాల సంగతి వివరంగా రాసి, కింద సంతకం చేశాడు. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

సాయంత్రం బొగ్గుని దాని గదిలోకి తీసుకెళ్తుంటే ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టరు.

"పదింటికల్లా ఉండాలి. ఏం చెప్పాలో గుర్తుందిగా?"

"గుర్తుంది సార్. ముఖద్వారం దగ్గర మీరేమన్నారో అదీ గుర్తుంది. రెండూ చెప్తాను."

అవతల ఫోన్ పెట్టేశాడు. ఇక రేపట్నుంచి తన బతుకు ఎలా ఉంటుందో మామయ్యకి తెలుసు. విచారణలు, సస్పెన్షను, ఇల్లు ఖాళీ చేయడం. తాడు ఇంకెప్పుడూ చేతికివ్వరు. భయం వేసింది. చెప్పేశాక తేలిగ్గా ఉంటుందని ఎవరన్నారో గానీ, అతనికి అలా ఏమీ అనిపించలేదు.

గది తలుపు వేసి అతనూ లోపలే నేల మీద కూలబడ్డాడు. బొగ్గు బంతి పక్కన పెట్టి ఎదురుగా నిలబడి అతన్నే చూస్తోంది. చేయి చాపి దాని తల మీద పెట్టాడు. సరిగ్గా ఇక్కడే ఆ మెకానిక్ చెయ్యి ఉండింది. నేను నచ్చినట్టున్నాను సార్ అన్న మాట, ఆ నవ్వు గుర్తొచ్చి అతనికి ఊపిరి ఆగింది.

బొగ్గు వెంటనే కూర్చుంది.