మాత పడవకు నూనె ఎక్కువైంది

పడవ మోటారులో పోసే పెట్రోలు యాభై పాళ్లకు నూనె ఒక పాలు. గ్వాపీ నది మీద ఈ ముక్క గురించి నా అంత మాట్లాడినవాడు లేడు. కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. మాట్లాడింది మాత్రం నేనే.

ఆ ఏడు కార్మెన్ మాత పండుగకు, నది మీది ఊరేగింపులో మాత విగ్రహాన్ని ఎక్కించుకునే భాగ్యం నా పడవకు దక్కింది. పొద్దున్నే రేవులో పాతిక లీటర్ల పెట్రోలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పక్క పడవ రొసెందో పలకరించాడు.

"ఎవరిస్తో బావా, దీనికి నూనె ఎంత?"

అంతే, అందుకున్నాను. తక్కువైతే పిస్టన్ ఎలా పట్టేస్తుందో, ఎక్కువైతే ప్లగ్గు ఎలా మసిబారుతుందో, మా నాన్న ఎలా కలిపేవాడో అరగంట చెప్పాను. రొసెందో ఎప్పుడు లేచి వెళ్లాడో తెలియదు.

చూసుకుంటే చేతిలో అరలీటరు సీసా ఖాళీగా ఉంది. ఇప్పుడే పోశానా, ఇది నిన్నటి సీసానా? వేలు ముంచి వాసన చూశాను. జలుబు, ఏమీ తెలియలేదు. రొసెందోను అడిగితే పరువు పోతుంది. ఎందుకైనా మంచిదని ఇంకో అరలీటరు పోసి, చొక్కా మార్చుకోవడానికి ఇంటికెళ్లాను.

మధ్యాహ్నం డప్పులు, కర్రలతో వాయించే మరింబా, మాతకు ఆడవాళ్లు పాడే జోలపాటలతో బయలుదేరాం. నది మధ్యకు వచ్చేసరికి తెల్లటి పొగ మాతను, ఫాదర్ అల్దెమార్‌ను, పాడేవాళ్లను కమ్మేసింది. పాట దగ్గుల్లోకి దిగింది.

"ఎవరిస్తో, ఏమిటయ్యా ఈ పొగ?" అన్నారు ఫాదర్, కళ్లు తుడుచుకుంటూ.

"సాంబ్రాణి ఫాదర్! మాతకు ప్రత్యేకంగా."

"సాంబ్రాణికి పెట్రోలు కంపేమిటి?"

అంతలోనే మోటారు రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. మాత పక్కన పూలు పట్టుకుని కూర్చున్న నా భార్య నికొలాసా నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"నూనె ఎంత పోశావ్?"

"అరలీటరు. బహుశా రెండుసార్లు."

"అయ్యో నా రాత! మాటల్లో పడి మర్చిపోయుంటావని నేనూ ఒక అరలీటరు పోశానయ్యా!"

రొసెందో తన పడవను పక్కకు తెచ్చి తాడు విసిరాడు.

"మొదటిసారి నా కళ్లముందే పోశావు బావా, మాట్లాడుతూనే. నూనె ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుందని చెప్పావు చూడు, అంతవరకూ విన్నాను."

అలా రొసెందో తాడు చివర మాత రేవు చేరింది. మా మోటారు మోత లేకపోవడంతో జోలపాటలు ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇంత బాగా వినపడలేదని ముసలివాళ్లు మురిసిపోయారు. నన్ను మాత్రం ఆ రోజు నుంచి ఊరంతా సాంబ్రాణి అనే పిలుస్తోంది.

ఆ నూనెను పలచన చేయడానికి ఇంకో యాభై లీటర్ల పెట్రోలు పట్టింది. మర్నాడు నికొలాసా కొలిచి ఇచ్చింది. నేను పోశాను. అయ్యేదాకా నన్ను నోరు తెరవనివ్వలేదు.