నాలుగు వేళ్ల పగడపు ముక్క

సైమన్ ఆ గుడ్డను మంచం మీద విప్పగానే కిరసనాయిలు వాసన గుప్పుమంది. లేచి కిటికీ తెరిచాను. పట్టుకుని చూస్తే వేళ్లకు ఏదో పొడి అంటింది. తుడుచుకుంటే లుంగీ మీద నారింజ చార పడింది.

“పగడం కలర్ అంకుల్. ఫోన్ల చూసి నేనే సెలెక్ట్ చేసిన. ఆదివారం లైవ్‌ల మస్తు కనిపిస్తది,” అన్నాడు.

సైమన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాదాపూర్‌లో అద్దె హాల్లో నడిచే మా చర్చి సంఘానికి వార్షికోత్సవం పనులన్నీ అతనే చూస్తున్నాడు. పాటలు పాడే ఏడుగురు ఆడపిల్లల తెల్ల గౌన్లకు నడుం దగ్గర పగడం రంగు పట్టీలు కుట్టాలట. ఆ గౌన్లు నా భార్య సువార్తమ్మ కుట్టినవి. పోయిన ఏడాది, ఆసుపత్రికీ బోరబండలోని మా ఇంటికీ మధ్య, కూర్చోగలిగిన పూటల్లో కుట్టింది. ఎదిగే పిల్లలని కింది అంచులో జానెడు మడత వదిలింది. ఆవిడ చేతి చివరి పని అదే. ఇన్నాళ్లూ వాటి మీద ఒక్క మరక పడలేదు.

“ముందు ఒక ముక్క తడిపి చూస్తాను బాబూ.”

“టైమ్ యాడుంది అంకుల్? బుధవారం అయిపాయె. మా ఆఫీసు పక్కన టైలర్ ఉన్నడు, ఒకటి శాంపిల్ కుట్టిపిస్త.”

ఒక గౌను, రెండు మీటర్ల గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేనెవర్ని వద్దనడానికి? గౌన్లు సంఘానివి, నావి కావు.

సువార్తమ్మకు ఒక పద్ధతి ఉండేది. రంగు గుడ్డ ఏదైనా కత్తెర పెట్టేముందు నాలుగు వేళ్ల వెడల్పు ముక్క కోసి, పాత తెల్లగుడ్డలో చుట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లలో వేసి, పైన చెంబు బరువు పెట్టేది. “ఎరుపు కలిసిన గుడ్డని అసలు నమ్మకూడదండీ,” అనేది. నేనూ అలాగే చేశాను. అరగంటకు చెంబు తీసి చూస్తే నీళ్లు మాంసం కడిగినట్టు ఉన్నాయి. పైన నూనె తెట్టు. తెల్లగుడ్డ మీద పుండు రసిలాంటి మరక. ఆ నీళ్లు మొక్కలకు పోయడానికి కూడా మనసొప్పలేదు.

గుడ్డ రంగు పోతోందని సైమన్‌కు ఫోన్ చేశాను.

“ఎవరు ఉతుకుతరు అంకుల్? ఒక్క పూట ముచ్చట.”

“పిల్లలకు చెమట పట్టదా?”

“ఏసీ ఉంది గద. ఏంది అంకుల్, గింత దానికి పరేషాన్ అయితరు? మీతోని కాకుంటే అన్నీ టైలర్‌కే ఇస్త.”

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే రోత పుట్టింది. ఒక్క క్షణం, పోనీ కుట్టేద్దాం అనుకున్నాను మరి. డిగ్రీ చదివి ఆఫీసులో ఫైళ్లు కుట్టుకున్నవాణ్ణి. మిషను ఆవిడే నేర్పింది. ఆవిడ పోయాక దాని ముందు కూర్చోమని ఎవరూ అడగలేదు. ఆ పని కూడా చేజారిపోతుందని భయం.

మర్నాడు కొండాపూర్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్లాను. లోపల పచ్చలైట్ల కింద తానులన్నీ ఒకటే రంగు. “బయటికి తీస్కపోయి చూస్కో తాతా,” అని అక్కడ పనిచేసే స్రవంతి మూడు తానులూ తనే మెట్ల మీదికి మోసింది. ఎండలో ఒకటి నారింజ అయింది, ఒకటి గులాబీ అయింది. మూడోది మాత్రం ఎర్రజామ పండు కోసినట్టు ఉంది. అది పగడం. నూలు గుడ్డ, గంజి వాసన తప్ప ఇంకే వాసనా లేదు. ముక్క అడిగితే నాలుగు వేళ్లకంటే ఎక్కువే కోసిచ్చింది. పక్క టీ కొట్టువాడు గ్లాసుడు వేణ్ణీళ్లు ఊరికే ఇచ్చాడు. ముక్కని నా తెల్ల చేతిరుమాల్లో చుట్టి అందులో ముంచాను. టీ తాగి వచ్చేసరికి రుమాలు తెల్లగానే ఉంది. అలాంటివాళ్లు ఇద్దరు ఒకే పూట దొరకడం చిన్న సంగతి కాదు.

ఏడు పట్టీలకు సరిపడా కొని ఇంటికొచ్చి, గుడ్డంతా రాత్రి ఉప్పునీళ్లలో నానేశాను. పొద్దున్నే రెండుసార్లు జాడించి నీడన ఆరేశాను. పట్టీలు గౌనుకు కలిపి కుట్టలేదు. విప్పి విడిగా ఉతుక్కునేలా హుక్కులు పెట్టాను.

శుక్రవారం సాయంత్రం సైమన్ వచ్చాడు. సంచిని వేళ్ల చివర్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“జర చూడుండ్రి అంకుల్. ఇస్త్రీకి ముందు టైలర్ నీళ్లు జల్లిండట. పోతదా?”

నడుం నుంచి కింది మడత దాకా నారింజ చారలు. ఏడేళ్ల మెర్సీ గౌను అది. ఆ పట్టీ కుట్టు విప్పి అవతల పారేసి, గౌను చన్నీళ్లలో వేశాను. ఆరితే మరక కూర్చుంటుందని ఆరనివ్వకుండా ఏడుసార్లు నీళ్లు మార్చాను. చారలు పోయాయి. నడుం దగ్గర అరచేతి పొడవున ఒక మరక మిగిలింది. దాని కోసం మెర్సీ పట్టీ మాత్రం రెండు వేళ్లు వెడల్పుగా కుట్టాను.

ఆదివారం సైమన్ మైకులో, “కలర్ సెలెక్షన్ మన మీడియా టీమ్‌ది!” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా దగ్గర మిగిలితే సైమన్ తీసుకెళ్లిన ఆ కిరసనాయిలు గుడ్డను భోజనాల బల్ల మీద పరిచారు. నీళ్లు ఒలికిన చోటల్లా పళ్లేల అడుగున నారింజ రంగు ఊరింది. పెరుగన్నం పళ్లెం కింద కూడా. నేను తినలేకపోయాను.

మెర్సీ నా దగ్గరికొచ్చి పట్టీ హుక్కు తీసి చూపించింది.

“తాతా, చెమటొచ్చినా అంటలే. గీ మరక పోదా?”

“పోదమ్మా.”

“మంచిగనే ఉంది తియ్. ఏడు గౌన్లల నాది ఏదో తెలుస్తది.”

హుక్కు మళ్లీ నేనే పెట్టాను. “అమ్మతో చెప్పు, పట్టీ విడిగా ఉతకాలి, నీడన ఆరెయ్యాలి,” అన్నాను.

“రంగు గుడ్డ విడిగ ఉతకాలని సువార్తమ్మ అవ్వ గౌను ఇచ్చినప్పుడే చెప్పింది,” అని పరుగెత్తింది.